తెల్లని వెలుగునిచ్చే పాలిమర్లు: ఒక అన్వేషణ చరిత్ర

2004లో ఖమ్మంలో జరిగిన ఒక సంపర్క తరగతిలో నేను విద్యార్థులకు ఒక మాట చెప్పాను. పదేళ్లు తిరిగేసరికి మన ఇళ్లలో బల్బులు ఉండవనీ, గోడకు అంటించిన పలుచని ప్లాస్టిక్ కాగితమే తెల్లగా వెలుగుతుందనీ, దాన్ని దినపత్రిక అచ్చువేసినంత చౌకగా అచ్చువేస్తారనీ అన్నాను. ఆ ఏడాదే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధకులు రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న అలాంటి పలకను తెల్లగా వెలిగించి చూపించారు. ఆ వార్త చదివిన ఉత్సాహంలో అన్న మాట అది. పన్నెండేళ్ల తరువాత, ఆనాటి విద్యార్థి ఒకరు నేలకొండపల్లి బస్టాండులో కలిశారు. అప్పటికి ఆయన కూడా ఉపాధ్యాయుడే. "సార్, మీరు చెప్పిన ఆ వెలిగే కాగితం ఇంకా రాలేదేంది?" అని నవ్వుతూ అడిగారు. ఆయన చేతిసంచిలో అప్పుడే కొన్న రెండు ఎల్‌ఈడీ బల్బులు ఉన్నాయి.

ఈ పాఠం ఆయన ప్రశ్నకు నేను ఆలస్యంగా రాస్తున్న జవాబు. సైన్సు చరిత్ర పాఠాలు చాలావరకు గెలిచిన వస్తువుల కథలుగానే ఉంటాయి. ఆవిరి యంత్రం, తంతు బల్బు, ట్రాన్సిస్టర్ వంటివి ఒకదాని తరువాత ఒకటి వరుసగా వచ్చినట్లు కనిపిస్తాయి. పాలిమర్ తెల్ల దీపం ఆ వరుసలో లేదు. అది ప్రయోగశాలలో వెలిగింది, బహుమతులు పొందిన శాస్త్రవేత్తలు దాని మీద పనిచేశారు, పెద్ద కంపెనీలు డబ్బు పెట్టాయి, అయినా మన ఇంటి పైకప్పు దాకా రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకుంటే, వచ్చినది ఎలా వచ్చిందో కూడా తెలుస్తుంది.

మంట లేని వెలుగు

మాది నేలకొండపల్లి. రామదాసుగా మనకు తెలిసిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. ఊరి దగ్గర బౌద్ధ స్తూపం ఉంది. నా చిన్నతనంలో ఇంట్లో వెలుగు అంటే గాసునూనె బుడ్డి, చుట్టాలు వచ్చిన రోజున కందిలి. కందిలి గ్లాసుకు పట్టిన మసిని బూడిదతో తుడవడం నా వంతు పని. ఆ వెలుగు ఎప్పుడూ పసుపు రంగులోనే ఉండేది. తెల్లని వెలుగును మొదట చూసింది పెళ్లి ఊరేగింపులో, మనిషి నెత్తిన మోసుకొచ్చిన పెట్రోమాక్స్ దీపంలో. ఆ తరువాత కరెంటు వచ్చింది, తంతు బల్బు వచ్చింది. మళ్లీ పసుపే.

బుడ్డి, కందిలి, పెట్రోమాక్స్, తంతు బల్బు, ఈ నాలుగింటికీ సూత్రం ఒకటే. ఏదో ఒకదాన్ని బాగా వేడిచేస్తే అది వెలుగుతుంది. ఖర్చు పెట్టిన శక్తిలో చాలా భాగం వేడిగానే పోతుంది. తంతు బల్బు ఒక వాట్ విద్యుత్తుకు సుమారు 12 నుంచి 15 ల్యూమెన్ల వెలుగు మాత్రమే ఇస్తుంది. ల్యూమెన్ అంటే కంటికి అందే వెలుగుకు కొలమానం. మిణుగురు పురుగును చేతిలో పట్టుకుంటే చెయ్యి కాలదు. మిణుగురులాగా వేడి లేకుండా, పదార్థం నుంచి నేరుగా వెలుగు రాబట్టడం ఎలా అన్నదే 20వ శతాబ్దపు శాస్త్రవేత్తల ప్రశ్న. ఈ ప్రశ్నకు మొదటి జవాబుల్లో ఒకటి బొగ్గు నుంచి వచ్చిన పదార్థంలో దొరికింది.

బొగ్గు అంటే మన జిల్లావాళ్లకు ఇల్లందు గుర్తుకు వస్తుంది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ అక్కడ బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి అన్న పేరు ఆ ప్రాంతంలోని ఊరి నుంచే వచ్చింది. 1960 దశకంలో పాల్వంచలో కట్టిన కొత్తగూడెం థర్మల్ కేంద్రం ఆ బొగ్గుతోనే కరెంటు తయారుచేసింది. అయితే బొగ్గును మండించడం ఒక్కటే దారి కాదు. గాలి తగలకుండా వేడిచేస్తే దాని నుంచి తారు కారుతుంది. ఆ తారులో దొరికే పదార్థాల్లో ఆంత్రసీన్ ఒకటి. మూడు బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతికినట్లుండే కర్బన అణువు ఇది. 1832లో దీన్ని ఫ్రాన్సులో వేరుచేశారు. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ దీని నుంచి అలిజరిన్ అనే ఎర్ర రంగును తయారుచేశారు. మచిలీపట్నం కలంకారీ అద్దకంలో చిరివేరు నుంచి తీసే ఎరుపులో ఉండేదీ అలిజరినే. చౌకైన తారు రంగు వచ్చాక వేరు తవ్వి రంగు తీసేవాళ్ల బతుకు ఏమైందో మీరు ఆర్థిక చరిత్ర పాఠాల్లో చదివే ఉంటారు. ఒకే పదార్థం ఒకచోట ఒకరి జీవనాధారాన్ని దెబ్బతీసి, వందేళ్ల తరువాత మరోచోట కొత్త దీపానికి దారి చూపింది.

1963లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ పోప్, ఆయన సహచరులు ఆంత్రసీన్ స్ఫటికానికి రెండు వైపులా విద్యుత్ అగ్రాలు పెట్టి, దాదాపు 400 వోల్టులు ఇచ్చారు. స్ఫటికం నీలంగా వెలిగింది. మన ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులని గుర్తుంచుకుంటే ఇది దీపంగా ఎందుకు పనికిరాలేదో అర్థమవుతుంది. కానీ ఒక విషయం తేలింది. కర్బన పదార్థంలోకి ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్లు, మరో వైపు నుంచి ధనావేశం గల రంధ్రాలు ప్రవేశించి మధ్యలో కలుసుకుంటే, ఆ కలయికలో విడుదలయ్యే శక్తి కాంతిగా బయటికి వస్తుంది.

ప్లాస్టిక్‌కు కరెంటు పారడం

స్ఫటికాలు పెళుసుగా ఉంటాయి, పెద్దవిగా పెంచడం కష్టం. పాలిమర్ అయితే పొరలాగా పరచవచ్చు. కానీ పాలిమర్ అంటే కరెంటు తీగకు తొడిగే ప్లాస్టిక్ తొడుగు కదా, అది కరెంటును ఆపాలి గానీ పారించకూడదు అని అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిలించినదాంట్లో ఒక పొరపాటుకూ పాత్ర ఉంది. 1967లో టోక్యోలో హిడెకి షిరకావా ప్రయోగశాలలో ఉత్ప్రేరకాన్ని కావలసిన దానికంటే వెయ్యి రెట్లు ఎక్కువ కలిపారు. నల్లని పొడి రావలసినచోట వెండిలా మెరిసే పాలీఅసిటిలిన్ పొర వచ్చింది. పదేళ్ల తరువాత, 1977లో, అలన్ మెక్‌డయార్మిడ్, అలన్ హీగర్‌లతో కలిసి షిరకావా ఆ పాలిమర్‌కు అయొడిన్ ఆవిరి పట్టించి చూస్తే దాని వాహకత్వం కోటి రెట్ల స్థాయిలో పెరిగింది. ముగ్గురికీ 2000లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. రహస్యం ఆ గొలుసులో ఒకటి విడిచి ఒకటిగా ఉన్న ద్విబంధాల్లో ఉంది. వాటి వల్ల ఎలక్ట్రాన్లు ఒక పరమాణువు దగ్గరే కట్టుబడి ఉండక గొలుసు వెంట కదలగలుగుతాయి.

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఆగి చూడవలసిన పేరు ఒకటి ఉంది. బ్రిటన్‌లోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో రోజర్ పార్ట్రిడ్జ్ 1970 దశకంలోనే పాలీవినైల్ కార్బజోల్ అనే పాలిమర్ పొర నుంచి విద్యుత్తుతో వెలుగు రాబట్టి, 1975లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఆయన పరిశోధన పత్రాలు 1983లో గానీ రాలేదు. అప్పుడు కూడా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పాలిమర్ వెలుగు అనగానే అందరూ 1990 అని, కేంబ్రిడ్జ్ అని చెబుతారు. మొదట చేసినవారు ఒకరు, మొదట నలుగురి చేత చేయించినవారు మరొకరు. నా అభిప్రాయంలో ఇద్దరినీ రాయాలి, ఎవరిది ఏ రకమైన మొదలో చెప్పాలి.

ఈలోగా 1987లో అమెరికాలో కొడాక్ కంపెనీకి చెందిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చిన్న కర్బన అణువులతో రెండు పలుచని పొరలు వేసి, 10 వోల్టుల లోపే ఆకుపచ్చ వెలుగు తెచ్చారు. 400 వోల్టుల నుంచి 10 వోల్టులకు దిగడానికి కారణం పొర మందం. ఆంత్రసీన్ స్ఫటికం మందం మైక్రోమీటర్లలో ఉంటే, వీరి పొరలు నానోమీటర్లలో ఉన్నాయి. అయితే ఆ పొరలను గాలి తీసేసిన గదిలో, పదార్థాన్ని ఆవిరి చేసి పట్టించాలి. అది ఖరీదైన పని.

1989లో కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ప్రయోగశాలలో జెరెమీ బరోస్ పీపీవీ అనే పాలిమర్ పొరకు వోల్టేజి ఇచ్చినప్పుడు పసుపు కలిసిన ఆకుపచ్చ వెలుగు కనిపించింది. రిచర్డ్ ఫ్రెండ్, డొనాల్ బ్రాడ్లీ తదితరులతో కలిసి రాసిన పత్రం 1990 అక్టోబరులో 'నేచర్' పత్రికలో వచ్చింది. దాని సామర్థ్యం 0.05 శాతం మాత్రమే. అంటే రెండువేల ఎలక్ట్రాన్లు లోపలికి వెళితే ఒక్క కాంతికణం బయటికి వచ్చింది. అయినా ప్రపంచం దాని వెంట పడింది. పాలిమర్‌ను ద్రావణంగా చేసి సిరాలాగా పూయవచ్చునన్న ఆశే అందుకు కారణం. 1991లో హీగర్ బృందం ద్రావణిలో సులువుగా కరిగే పాలిమర్‌తో నారింజ రంగు వెలుగు తెచ్చింది. అదే కాలంలో జపాన్‌లో పాలీఫ్లోరీన్ అనే పాలిమర్ నీలి వెలుగునిచ్చింది. ఆకుపచ్చ, నారింజ, నీలం వచ్చేశాయి. తెలుపు ఒక్కటే రావాలి.

తెలుపు అనే చిక్కు

తెలుపు అనే తరంగదైర్ఘ్యం ఏదీ లేదు. ఇంద్రధనుస్సులో తెలుపు కనిపించదు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు కాంతులు తగిన పాళ్లలో కలిస్తే, లేదా నీలం, పసుపు కలిసినా, మన కన్ను దాన్ని తెలుపు అనుకుంటుంది. ఒక్కో పాలిమర్ మాత్రం తన శక్తి అంతరానికి తగిన రంగునే ఇస్తుంది. కాబట్టి తెల్ల దీపం చేయాలంటే ఒకే పొరలో, ఒకే వోల్టేజి కింద, రెండు మూడు రంగులు పక్కపక్కనే వెలగాలి.

మూడు రంగులనూ సమానంగా కలిపితే సరిపోతుందని అనిపిస్తుంది. కలిపి చూస్తే ఎరుపు ఒక్కటే వస్తుంది. దీనికి కారణం మా పాలేరు ఆయకట్టు రైతుకు వెంటనే అర్థమవుతుంది. గట్టుకు గండి పడితే మెరక పొలంలో నీళ్లు నిలవవు, పల్లపు పొలానికి దిగిపోతాయి. శక్తి కూడా అంతే. నీలి కాంతి ఇచ్చే అణువులో శక్తి ఎక్కువ, ఎరుపు ఇచ్చే అణువులో తక్కువ. పక్కన పల్లం ఉంటే నీలం తన శక్తిని వెలుగుగా ఇవ్వకముందే ఎరుపు అణువుకు దించేస్తుంది. అందువల్ల ఎరుపు రంగు పదార్థాన్ని చాలా కొద్దిగా, ఒక శాతం కంటే తక్కువగా కలపాలి. నూరు మెరక మళ్లకు ఒక పల్లపు మడి ఉంటే, కొంత నీరు అక్కడికి చేరినా మిగిలింది మెరకలోనే నిలుస్తుంది.

ఈ లెక్కను మొదట సరిగ్గా కుదిర్చింది జపాన్‌లోని యమగాటా విశ్వవిద్యాలయంలో జుంజి కిడో బృందం. 1994లో వారు పాలీవినైల్ కార్బజోల్ పొరలో మూడు ప్రతిదీప్తి రంగులను కొద్దికొద్దిగా కలిపి తెల్లని వెలుగు తెచ్చారు. పార్ట్రిడ్జ్ ఇరవై ఏళ్ల ముందు వెలిగించిన పాలిమరే ఇది. 1995లో అదే బృందం పలు పొరలతో చేసిన మరో తెల్ల దీపం చదరపు మీటరుకు 2,000 కాండెలాలకు పైగా వెలుగునిచ్చింది. 2000 దశకం మధ్యలో చైనాలోని చాంగ్‌చున్ పరిశోధకులు ఇంకో మెట్టు ఎక్కారు. రంగులను విడిగా కలిపితే కాలక్రమంలో అవి ఒకచోట గడ్డకడతాయి. అందుకని వాటిని పాలీఫ్లోరీన్ గొలుసుకే రసాయన బంధంతో అతికించారు. ఒకే పాలిమర్, ఒకే పొర, తెల్లని వెలుగు. జనరల్ ఎలక్ట్రిక్ వారిది వేరే ఉపాయం. నీలి పాలిమర్ దీపం మీద, నీలి కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకుని పసుపు, ఎరుపు వైపు మార్చే పూత వేశారు. నేను తరగతిలో గొప్పగా చెప్పిన 2004 నాటి పలక ఆ రకానిది. అది వాట్‌కు 15 ల్యూమెన్లు ఇచ్చింది. ఆ అంకె ఆనాడే నేను నిదానంగా చదివి ఉంటే బాగుండేది. తంతు బల్బుతో సమానమైన అంకె అది.

ఎక్కడ ఆగింది

మొదటి అడ్డంకి నీలమే. ఎక్కువ శక్తి మోసే అణువు త్వరగా చెడుతుంది. పాలీఫ్లోరీన్‌కు ఏ కొంచెం ఆక్సిజన్ తగిలినా గొలుసులో అక్కడక్కడా కీటోన్ లోపాలు ఏర్పడి, నీలం కాస్తా ఆకుపచ్చగా మారుతుంది. ఫోను తెరలో ఇది జరిగితే కొంత సర్దుకోవచ్చు. ఇంటి దీపం మాత్రం వేల గంటలు ఒకే తెలుపులో ఉండాలి.

రెండోది అచ్చువేయడం. పత్రిక మీద ఒక పొర సిరా చాలు. ఈ దీపానికి నాలుగైదు పొరలు కావాలి. కింది పొర మీద పై పొర ద్రావణం పోస్తే కింది పొర కరిగిపోతుంది. ముగ్గు మీద నీళ్లు చల్లి ఇంకో ముగ్గు వేసినట్లు. దీనికి నీటిలో కరిగేది ఒకటి, నూనెలాంటి ద్రావణిలో కరిగేది ఇంకొకటి వాడి కొంత దారి కనిపెట్టారు గానీ ప్రతి కొత్త పొరతోనూ చిక్కు పెరిగింది. తేమ తగలకుండా మొత్తాన్ని గాజు మధ్య మూసేయాలి. గాజు పెడితే ఇక అది కాగితం కాదు. పైగా లోపల పుట్టిన కాంతిలో సుమారు అయిదోవంతే బయటికి వస్తుంది, మిగిలింది గాజులోనూ పొరల్లోనూ చిక్కుకుంటుంది.

మూడోది సామర్థ్యం. ఎలక్ట్రాన్, రంధ్రం కలిసినప్పుడు నాలుగింట ఒక వంతు మాత్రమే మామూలు ప్రతిదీప్తి పదార్థంలో వెలుగవుతుంది, మూడు వంతులు వృథా. 1998లో అమెరికాలో ఫారెస్ట్, థాంప్సన్ బృందం ప్లాటినం వంటి బరువైన లోహం ఉన్న అణువులతో ఆ మూడు వంతులనూ వెలుగుగా మార్చే దారి చూపింది. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆ దారినే వెళ్లి వాట్‌కు 90 ల్యూమెన్ల తెల్ల దీపం చేశారు. ట్యూబులైటుతో పోటీపడే అంకె. కానీ అది చిన్న అణువులతో, గాలిలేని గదిలో చేసిన దీపం. సిరాలాంటి పాలిమర్ ఆశ అందులో లేదు.

ఈ మూడింటినీ పరిశోధకులు ఒక్కొక్కటిగా దాటేవారేమో. కానీ పోటీదారు ఆగలేదు. 1993 నవంబరులో జపాన్‌లో నిచియా కంపెనీ షుజీ నకమురా తయారుచేసిన ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని ప్రకటించింది. అది గాలియం నైట్రైడ్ అనే అకర్బన స్ఫటికం. 1996లో అదే కంపెనీ దాని మీద పసుపు పూత వేసి తెల్ల ఎల్‌ఈడీని అమ్మకానికి తెచ్చింది. నీలం మీద పసుపు పూత అనే ఉపాయం జనరల్ ఎలక్ట్రిక్ వారి పలకకు దగ్గరిదే. తేడా నీలం ఎంతకాలం బతుకుతుందన్న దగ్గర ఉంది. రాయిలాంటి స్ఫటికం తేమకు లొంగదు.

ఆపైన ధర. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి రాష్ట్రాల కోసం బల్బులను టోకుగా కొనడం మొదలుపెట్టినప్పుడు, 2014 తొలినాళ్లలో ఒక్కో బల్బు 310 రూపాయలు. 2016కల్లా అది 38 రూపాయలకు దిగింది. 2015 జనవరిలో ఉజాలా పథకం దేశమంతటికీ ప్రకటించారు. అంతకుముందే ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు వంటి జిల్లాల్లో పంపిణీ మొదలైంది. హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నం వీధి దీపాలనూ ఎల్‌ఈడీలకు మార్చారు. సైన్సు పుస్తకాల్లో ఈ టెండర్ల ప్రస్తావన ఉండదు. కానీ 38 రూపాయలతో పోటీపడాలంటే పాలిమర్ పలక దినపత్రిక ధరకే రావాలి. అప్పటికి ఏ దేశంలోనూ అది ఆ దరిదాపుల్లో లేదు.

మన దేశంలో ఈ రంగంలో పని జరగలేదని అనుకోవద్దు. కాన్పూర్ ఐఐటీలో టీవీ గొట్టాలు తయారుచేసే సామ్‌టెల్ కంపెనీ పేరుతో ఒక ప్రదర్శన సాంకేతికతల కేంద్రం ఏర్పడింది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల తెల్ల కర్బన దీపాల మీద పరిశోధనలు ప్రచురించింది. హైదరాబాదు ఐఐసీటీలో వెలుగునిచ్చే కర్బన అణువుల తయారీ సాగింది. 1944లో నిజాం రాష్ట్ర ప్రయోగశాలగా మొదలై, ఒకప్పుడు మన బొగ్గు మీద పనిచేసిన సంస్థే అది. మంచి పత్రాలు వచ్చాయి. వాటిని కొనే కర్మాగారం మాత్రం పక్కన లేదు. కేంబ్రిడ్జ్ వాళ్లు 1992లోనే కంపెనీ పెట్టుకున్నారు. అదీ చివరికి 2007లో జపాన్‌లోని సుమిటోమో కెమికల్ చేతికి వెళ్లింది.

బస్టాండులో అడిగిన ఆయనకు ఆ రోజు నేను ఇంత చెప్పలేదు. బస్సు వచ్చేసింది. మళ్లీ కలిసినప్పుడు ఆయన జేబులోని ఫోను తెరను చూపించి, మీరు అడిగిన కాగితం బంధువు ఇదేనన్నాను. కర్బన అణువులతో వెలిగే తెర అది. పాలిమర్‌కు అన్నదమ్ముల వరస. దీపంగా ఓడిపోయింది, తెరగా గెలిచింది. తెరకు మనం వేల రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకున్నాం, దీపానికి ఒప్పుకోలేదు.

మీ పరిశీలనకు

ఇంట్లో పాత సీడీ ఒకటి వెతకండి. రాత్రి గదిలో ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే వెలిగించి, దాని వెలుగు సీడీ మెరిసే వైపు పడేలా ఏటవాలుగా పట్టుకుని చూడండి. నీలం ఎక్కడ గట్టిగా ఉందో, దాని పక్కన ఎక్కడ సన్నగిల్లిందో, పసుపు ఎంత వెడల్పుగా పరుచుకుందో రాసుకోండి. తరువాత బల్బు ఆర్పి, కర్బన తెర ఉన్న ఫోనులో ఖాళీ తెల్ల పేజీ తెరిచి, అదే విధంగా చూడండి. ఆ తెలుపు ఎన్ని ముక్కలుగా విడిందో లెక్కపెట్టండి. వీలైతే ఒక తంతు బల్బును కూడా అలాగే చూసి, మూడు బొమ్మలూ రంగు పెన్సిళ్లతో గీసి సంపర్క తరగతికి తీసుకురండి.